సుక్కి మెడలో బూర

ఛత్రినాక వెనక గల్లీలో, నాగమణమ్మ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాడు సీమోను. సర్కారు ప్రెస్సులో బైండరు. పగలంతా అక్కడ రిజిస్టర్లు కుట్టి, సాయంత్రం ఇంటికొచ్చాక బడిపిల్లల పుస్తకాలకూ చర్చి పాటల పుస్తకాలకూ అట్టలు వేసేవాడు. మైదా జిగురంటే ఎలుకలకు మహా ఇష్టం. ఎంత ఎత్తున పెట్టినా ఎక్కి, పుస్తకాల వీపులు కొరికి పారేసేవి. ఆ బాధ పడలేక అతని భార్య లీలమ్మ ఒక పిల్లికూనను తెచ్చింది. ఒళ్ళంతా తెలుపు, నొసట మాత్రం నల్లటి చుక్క. సుక్కి అని పేరు పెట్టింది. పిల్లి వచ్చాక ఎలుకల పీడ వదిలింది. పిల్లలు లేని ఆ ఇంట్లో సుక్కి వాళ్ళిద్దరి మధ్యా మంచం మీద పడుకునేంత చనువు సంపాదించుకుంది.

డెబ్భై నాలుగులో చలికాలం. ఒకరోజు పొద్దున సుక్కి ఎప్పటిలా గోడ దూకి రాలేదు. మోరీ కాలువ పక్కన కడుపు నేలకానించి పాక్కుంటూ వచ్చి గడప ముందు పడిపోయింది. కుడి డొక్క మీద బెత్తెడు చీలిక. చర్మం తెరుచుకుని లోపలి ఎరుపు కనిపిస్తోంది. లీలమ్మ కాన్పుల దవాఖానలో ఆయా. రక్తం చూడటం ఆమెకు కొత్త కాదు. అయినా సుక్కిని చూసి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేను డ్యూటీకి పోకుంటే నడువది. నువ్వు పశువుల దవాఖానకు తీస్కపో" అంది మొగుడితో.

సీమోను పిల్లిని గుడ్డసంచిలో పెట్టుకుని రిక్షాలో బహదూర్‌పురా దాకా పోయాడు. దవాఖాన వసారాలో కూర్చున్నంతసేపూ జూ పార్కు వైపు నుంచి సింహం అరుపు వినిపించేది. అది విన్నప్పుడల్లా సంచిలోని ప్రాణం రాయిలా బిగుసుకుపోయేది. కాంపౌండరు వైకుంఠం వెంట్రుకలు గొరిగి, మందు కొట్టి, చీలిక కుట్టాడు.

"దేనితోని చినిగింది సారూ?" అని అడిగాడు సీమోను.

"రేకు గీరినట్టుంది. కుక్కపన్నైనా కావచ్చు. చెప్పలేను." వైకుంఠం చేతులు కడుక్కుంటూ అన్నాడు. "ఇగ ఇది ఊకె కుట్లు నాకుతది. నాకిందంటే ఊడుతయి, చీము పడుతది. మెడకు మైకు బూర లెక్క ఒకటి కట్టాలె. మూతి కన్నా బయటికి రావాలె, నాలుక డొక్కకు అందొద్దు. మనకాడ అసుంటియి అమ్మరు. నువ్వు బైండరువు గద, అట్టతోని చేస్కో."

సీమోను ఇంటికొచ్చి పనిలో కూర్చున్నాడు. చేసేది పిల్లికే అయినా పని పనే. రెండు పొరల అట్ట కోసి, జిగురు పూసి, పైన నల్లటి కాలికో గుడ్డ అంటించి, అంచుకు దబ్బనంతో కుట్టు వేశాడు. తొందరపడకుండా, గట్టిగా, లోతుగా చేశాడు. చూస్తే పెళ్ళి బాజాలోని బూరలా ఉంది. లీలమ్మ వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు గానీ, అప్పటికే సుక్కి మెడ తిప్పి కుట్లు నాకుతోంది. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని బూర మెడకు దింపి నాడా ముడి వేయబోయాడు. బూర లోపల కళ్ళకు చీకటి కమ్మగానే సుక్కి ఎప్పుడూ చేయని చప్పుడొకటి చేసి, అతని బొటనవేలి సందులో కసిక్కున కరిచింది. పళ్ళు లోపలికంటా దిగాయి. రక్తం అట్ట మీద బొట్లు బొట్లుగా పడింది.

ముడి వేసేదాకా సీమోను వదల్లేదు. తర్వాత చెయ్యి సబ్బుతో కడిగి గుడ్డపీలిక చుట్టుకున్నాడు. లీలమ్మ వచ్చి అడిగితే కట్టరు తగిలిందన్నాడు. దవాఖాన నుంచి తెచ్చాక తాను వచ్చేదాకా పిల్లిని కదిలించొద్దని ఆమె ముందే చెప్పి పోయింది. మాట పడటం ఎందుకని అలా అన్నాడు, అంతకుమించి ఏమీ లేదు.

బూర కట్టిన సుక్కి వేరే జంతువైపోయింది. ముందుకు అడుగు వేస్తే అట్ట అంచు నేలకు తగిలేది. తగలగానే అదిరిపడి వెనక్కి నడిచేది. అలా వెనక్కి వెనక్కి పోయి గోడకు కొట్టుకునేది, మంచం కోడుకు కొట్టుకునేది. పుస్తకాల దొంతర ఒకటి కూలితే ఆ చప్పుడుకు మంచం కిందికి దూరి మూలన నక్కింది. పాలు పెడితే ముట్టలేదు. నీళ్ళ పళ్ళెం దగ్గరికి నెడితే ఒళ్ళు కుంచించుకుని వెనక్కి జరిగింది. మర్నాటికి మూతి వెంట సొంగ కారి, గడ్డం కింద వెంట్రుకలు తడిసి అంటుకుపోయాయి.

ఇంటామె నాగమణమ్మ కిరాయి మాట ఏదో చెప్పడానికి వచ్చి, వంగి మంచం కిందికి చూసింది. చూసినామె చూసినట్టే రెండడుగులు వెనక్కి వేసింది.

"సీమోనూ, ఇది నీళ్ళను చూసి బెదురుతున్నది."

"అట్ట అడ్డమొస్తున్నదమ్మా, గందుకే."

"సొంగ గూడ అట్టనే కారుస్తున్నదా?"

ఆ మాటలకు పక్క వాటాలో ఉండే ఓదెలు బయటికొచ్చాడు. ఆర్టీసీలో కండక్టరు, అప్పుడే డ్యూటీ దిగి ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. "అన్నా, మనసుల పెట్టుకోకు గానీ," అన్నాడు మెల్లగా. "గ్యాసునూనె దుకాణం ఎనక ఒక కుక్క నురగలు కక్కుకుంట తిరిగింది. మున్సిపాలిటీవోళ్ళు వచ్చి పట్టుకపోయిన్రు. దానికి ముందు రోజు మీ సుక్కి గా కుక్కకాన్నే ఉండంగ నేను చూసిన."

సీమోను చేతికి చుట్టిన గుడ్డను రెండో చేత్తో కప్పుకున్నాడు.

ఆ క్షణం నుంచి అతనికి మేనమామ ఇశ్రాయేలు కళ్ళ ముందు నుంచి కదల్లేదు. సీమోను చిన్నతనంలో ఆయన్ను కుక్క కరిచింది. ఆకుపసరు కట్టారు, పుండు మానింది, అందరూ మరిచిపోయారు. నెలలు గడిచాక ఒకరోజు అన్నం ముందు కూర్చుని చెంబు ఎత్తబోయి ఆయన గొంతు పట్టుకున్నాడు. ఆ తర్వాత పక్క గదిలో ఎవరైనా కుండలో ముంత ముంచినా సరే, ఆ గుడగుడ శబ్దానికే మెడనరాలు తాళ్ళలా తేలేవి. తలుపుకు బయట గొళ్ళెం పెట్టారు. లోపలి నుంచి ఆయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. మతి పోలేదు, అదే అందరికీ భయంగా ఉండేది. సీమోను పేరు కూడా పిలిచాడు. పిల్లవాడిని తల్లి పోనివ్వలేదు.

ఆ రోజు ప్రెస్సులో సీమోను దబ్బనంలో దారం ఎక్కించలేకపోయాడు. మాటిమాటికీ లేచి కుండ దగ్గరికి పోయి నీళ్ళు తాగేవాడు. దప్పికై కాదు. గొంతు దిగుతున్నాయో లేదో చూసుకోవడానికి. దిగేవి. కానీ అలా పట్టి చూసుకుంటే ప్రతి గుక్కా ఎక్కడో తట్టుకున్నట్టే అనిపించేది. తట్టుకుందా, తట్టుకుందనిపించిందా? తేల్చుకోలేక ఇంకో గిలాస ముంచేవాడు. తొందరలో సగం చొక్కా మీద పోసుకునేవాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో లొల్లిగా ఉంది. ఓదెలు చేతిలో గోనెసంచీ, లావుపాటి కర్రా ఉన్నాయి. నాగమణమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. లీలమ్మ దర్వాజకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలుచుంది.

"వాడకట్టుల పోరగాండ్లున్నరమ్మా. రేపు ఎవ్వలనన్న పీకితే ఎవ్వలది పాపం?" అంటోంది నాగమణమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, బెదురే ఉంది. "నాకు మాత్రం ఇష్టమా దాన్ని సంపుడు?"

"వదినా, పక్కకు జరుగు. ఒక్క దెబ్బల అయిపోతది. దానికి గూడ బాధ తప్పుతది" అన్నాడు ఓదెలు. అతని మొహం కూడా పాలిపోయి ఉంది.

"దాన్ని సంపొద్దు" అన్నాడు సీమోను వెనక నుంచి.

అందరూ తిరిగి చూశారు. సీమోను గుడ్డపీలిక విప్పి చెయ్యి చాపాడు. వేలి సందున నాలుగు నల్లటి గాట్లు, చుట్టూ వాపు.

"నన్ను కరిచింది. ఇప్పుడు దాన్ని సంపితే దానికి పిచ్చి ఉండెనో లేదో ఎవ్వలకు తెలుస్తది? అది బతికితేనే నేను బతుకుతనని నాకు తెలిసేది. దాన్ని ఉండనియ్యిన్రి."

ఓదెలు కర్ర దించేశాడు. నాగమణమ్మ దేవుణ్ణి తలచుకుంటూ లోపలికి పోయింది. లీలమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని గాట్లు చూసింది, మొహం చూసింది, లోపలికి పోయి పొయ్యి ముందు కూలబడింది. వండలేదు, ఏడవలేదు. చాలాసేపటికి, "కట్టరు తగిలిందన్నవు" అని మాత్రం అంది.

మర్నాడు ఇద్దరూ నారాయణగూడకు పోయారు. కుక్కకాటు సూదులు వేసే చోట పెద్ద వరుస ఉంది. డాక్టరు గాట్లు చూసి, సంగతంతా విని, ఆ రోజే మొదటి సూది వేయించాడు. బొడ్డు పక్కన దిగిన సూదికి సీమోను బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగించాడు.

"రోజూ వచ్చి వేయించుకోవాలి. పిల్లిని కట్టడి చేసి కనిపెట్టుకుని ఉండండి. దానికి ఆ జబ్బే ఉంటే పది రోజులు దాటి బతకదు. బతికి తిని తిరుగుతుంటే సూదులు ఆపేద్దాం."

"అది ఏం తింట లేదు సారూ. నీళ్ళు సుత తాగుత లేదు" అంది లీలమ్మ.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "జబ్బైనా కావచ్చు, మెడకు కట్టిన దాని వల్లైనా కావచ్చు. నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను" అన్నాడు.

దారి పొడవునా సీమోను ఆ మాటే నములుతూ వచ్చాడు. తిండీ నీళ్ళూ లేక చచ్చిపోయినా అది చచ్చిపోవడమే. అప్పుడు జబ్బు వల్ల పోయిందో, తాను కట్టిన అట్ట వల్ల పోయిందో ఎవరు చెబుతారు?

లీలమ్మ డ్యూటీకి పోయింది. సీమోను తలుపు వేసుకుని కూర్చుని మంచం కిందికి చూశాడు. సుక్కి కదల్లేదు. నల్లటి బూర లోపల ఎక్కడో రెండు కళ్ళు మెరుస్తున్నాయి. ఊపిరి అట్టకు తగిలి బుసలా వినిపిస్తోంది. ఆ బుస జబ్బుదో అట్టదో తేల్చుకోవాలనిపించింది. ఉన్నట్టుండి లేచి పెద్ద అట్ట ఒకటి తీశాడు. తన తలకు సరిపోయేట్టు అవే కొలతల లెక్కన బూర చుట్టి, మెడకు తాడు కట్టుకున్నాడు.

లోకం మాయమైంది. ఎదురుగా గుండ్రటి వెలుతురు తప్ప అటూ ఇటూ ఏమీ లేదు. తన ఊపిరి తనకే తుఫానులా వినిపించింది. గల్లీలో ఎవరో బిందె దించితే ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియక ఉలిక్కిపడ్డాడు. నేల మీద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని, మోకాళ్ళ మీదా చేతుల మీదా వంగి తాగబోయాడు. అట్ట అంచు ముందు నేలకు తగిలి ఆగిపోయింది. ఇంకా వంగితే అంచు పళ్ళేన్ని నెట్టేసింది. నీళ్ళు కనిపిస్తున్నాయి, అందవు. వెనక్కి జరిగాడు. మళ్ళీ వంగాడు. పిల్లి కూడా ఇలాగే చేసిందని తట్టింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. మొగుణ్ణి ఒంటరిగా వదిలి ఉండలేక లీలమ్మ అరపూట సెలవు పెట్టి తిరిగొచ్చింది. ఆమెకు కనిపించింది నాలుగు కాళ్ళ మీద, నీళ్ళ ముందు, గురగురమంటూ వెనక్కి జరుగుతున్న మొగుడు. ఆమె చేతిలోని టిఫిను డబ్బా జారిపడింది. గోడకు వీపు ఆనించి అలాగే కిందికి జారిపోయింది.

సీమోను గాభరాగా తాడు తెంపుకుని బూర విసిరేశాడు. "లీలా, నాకేం కాలే. నాకేం కాలే. దానికెట్ల ఉంటదో చూస్తున్న, గంతే."

ఆమె పాకుతూ కుండ దగ్గరికి పోయి గిలాస ముంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తాగు. నేను చూస్త."

సీమోను ఆమె కళ్ళలోకి చూస్తూ గిలాసెడు నీళ్ళూ తాగాడు. ఆమె అతని గొంతు మీద వేళ్ళు పెట్టి, ఒక్కొక్క గుక్కా దిగడం చూసుకుంది. గిలాస ఖాళీ అయ్యాక అతని ఛాతీ మీద రెండు గుద్దులు గుద్ది అప్పుడు ఏడ్చింది.

ఏడుపు ఆగాక ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. బూర పొడుగెక్కువ, బరువెక్కువ. పైగా నలుపు, పక్కలకు ఏమీ కనిపించదు. లీలమ్మ ట్రంకుపెట్టె తెరిచి పోయినేడు దగ్గు పట్టినప్పుడు తీయించుకున్న తన ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము బయటికి తీసింది.

"దీన్ని సోడా నీళ్ళల్ల నానబెట్టి రుద్దితే నలుపు పోతది. అద్దం లెక్క అయితది" అంది.

వేడినీళ్ళలో బట్టల సోడా వేసి ఇద్దరూ రుద్దారు. లీలమ్మ పక్కటెముకలు ఒక్కొక్కటే కరిగి నీళ్ళలోకి పోయాయి. ఫిల్ము తేటగా మిగిలింది. సీమోను దాన్ని మునుపటి దానికంటే పొట్టిగా, మూతి దాటి ఒక వేలెడు మాత్రమే వచ్చేట్టు కోశాడు. అంచుకూ మెడ దగ్గరా పాత ధోవతి పీలిక మెత్తగా చుట్టి కుట్టాడు.

ఇక మిగిలింది దాన్ని మార్చడం. దుప్పటి తీసుకుని లీలమ్మ ముందుకు రాబోతే సీమోను ఆపాడు.

"నన్నెట్లాగూ కరిచింది. ఇంకోసారి కరిస్తే కొత్తగ అయ్యేది లేదు. నువ్వు ఆ గదిలకు పోయి తలుపేస్కో."

"నేను పోను."

"లీలా, నా మాటిను. ఇద్దరికీ అయితే మనకెవ్వలున్నరు?"

ఆమె పోయింది. తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. సీమోను మంచాన్ని మెల్లగా పక్కకు జరిపి, సుక్కికి ఎదురుగా, తాను దానికి కనిపించేట్టు కూర్చున్నాడు. మొన్న పైనుంచి, వెనక నుంచి పట్టుకున్నాడు. ఈసారి ముందు నుంచే చెయ్యి చాపి, పేరు పెట్టి పిలుస్తూ పోయాడు. దుప్పటి కప్పి ఒళ్ళోకి తీసుకున్నప్పుడు పిల్లి ఒళ్ళంతా వణుకుతోంది. నాడా ముడి కోసి పాత బూర లాగేశాడు. ఒక్క క్షణం సుక్కి మొహం ఏ అడ్డూ లేకుండా అతని చేతికి జానెడు దూరంలో ఉంది. నోరు తెరిచింది. సీమోను కళ్ళు మూసుకున్నాడు. ఏమీ కాలేదు. కళ్ళు తెరిచేసరికి అది అతని ముంజేతి వాసన చూస్తోంది. వెంటనే కొత్త బూర తొడిగి, మెడకూ నాడాకూ మధ్య వేలు దూరేంత వదులుగా కట్టి దించాడు.

లీలమ్మ తలుపు తీసుకుని వచ్చి, గోడవారనున్న పుస్తకాల దొంతరలన్నీ తీసి మంచం మీదికెక్కించి, దానికి తిరగడానికి దారి చేసింది. బూర లోపల పట్టేంత చిన్న గిన్నె వెతికి, ఇటుక మీద పెట్టి నీళ్ళు పోసింది. చీర ఒకటి మూలన కట్టి గుడారంలా చాటు చేసింది. ఇద్దరూ గోడకానుకుని చూస్తూ కూర్చున్నారు.

సుక్కి నాలుగడుగులు వేసింది. అంచు నేలకు తగల్లేదు. ఆగి అటూ ఇటూ చూసింది. ఇటుక దగ్గరికి పోయింది. నీళ్ళ వైపు మూతి చాపి, టక్కున వెనక్కి తీసుకుంది. లీలమ్మ గోళ్ళు సీమోను మోచేతిలో దిగాయి. పిల్లి గోడ దాకా పోయింది, కూర్చుంది, లేచింది. మళ్ళీ ఇటుక దగ్గరికి వచ్చి వంగింది. ఫిల్ము గిన్నె చుట్టూ గొడుగులా కప్పేసింది. లోపలి నుంచి లపలపమని నాలుక చప్పుడు వచ్చింది. ఆగకుండా వచ్చింది.

సీమోను లేచి బయటికి పోయి, వాకిట్లో గోడ పట్టుకుని నిలబడ్డాడు.

అయినా భయం ఒక్కసారిగా పోలేదు. రోజూ నారాయణగూడకు పోయి సూది వేయించుకునేవాడు. పొట్ట చుట్టూ గడ్డలు కట్టి చొక్కా తగిలినా నొప్పి పుట్టేది. ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే పిల్లిని చూసేవాడు. నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని వంగి చూసేవాడు. ఒక మధ్యాహ్నం అది పిలిచినా పలకలేదు, చాటులోంచి రాలేదు. సీమోను చీర ఎత్తి చూస్తే బూర పెట్టె కొక్కేనికి తట్టుకుని, ఇటూ అటూ కదల్లేక బిక్కచచ్చి కూర్చుంది. విడిపిస్తే మెల్లగా ఇటుక దగ్గరికి పోయి పాలు తాగింది. ఆ సాయంత్రమే సీమోను ఆ కొక్కెం ఊడబీకేశాడు. నాగమణమ్మ రోజూ దూరం నుంచి, "తిన్నదా?" అని అడిగి, తిన్నదంటే తల ఊపి పోయేది. ఓదెలు ఒకరోజు బోటీ ముక్కలు పొట్లం కట్టి తెచ్చి, ఎవరి మొహమూ చూడకుండా గడప మీద పెట్టి పోయాడు.

డాక్టరు చెప్పిన గడువు దాటింది. వైకుంఠం కుట్లు విప్పి, బూర తీసి పక్కన పెట్టి, "మస్తు మానింది" అన్నాడు. ఆ మాటకు సీమోను అక్కడి బెంచీ మీద కూర్చుండిపోయాడు. అక్కడి నుంచే నారాయణగూడకు పోయాడు. డాక్టరు అంతా విని, ఇక రానక్కర్లేదన్నాడు.

మెడలో ఏమీ లేకపోయినా సుక్కి ఇంకా దర్వాజ దాటేటప్పుడు పక్కకు జరిగి, విశాలంగా తిరిగి పోయేది. మంచం కోళ్ళకు దూరంగా నడిచేది. సీమోను కూడా అంతే. ఆ తర్వాత చాలాకాలం గొంతులో కాస్త కిచకిచమన్నా లీలమ్మకు చెప్పేవాడు. ఇప్పుడు అన్నీ చెప్పేవాడు. ఆమె గిలాస తెచ్చి ఎదురుగా కూర్చునేది.

కుట్లు విప్పిన రోజు సాయంత్రం సీమోను గడప మీద కూర్చుంటే సుక్కి వచ్చి ఒళ్ళోకి ఎక్కింది. అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నిమరాలని ఉంది, వేళ్ళు దిగవు. పిల్లి కాసేపు చూసి, తల ఎత్తి తానే ఆ చేతికి మెడ ఆనించింది. నాడా ఒరుసుకుని వెంట్రుకలు పోయిన చోటు అక్కడ ఎర్రగా కనిపిస్తోంది. సీమోను ఒక్క వేలితో మెల్లగా అక్కడ గోకాడు. సుక్కి కళ్ళు మూసుకుని, గోకే వైపు బరువంతా వాల్చింది.